రొమ్ములోని నీటి తిత్తికి పసరు కట్టు అవసరమా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 42 ఏళ్ళు. మేము కావలిలో ఉంటాము. మూడు నెలల క్రితం స్నానం చేస్తుండగా కుడి రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. నెలసరికి వారం ముందు నుంచి రెండు రొమ్ములూ బరువెక్కి, చెయ్యి తగిలితే ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంటున్నాయి. నెల్లూరులో సర్జన్ గారికి చూపిస్తే అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించారు. కుడివైపు 18 మిల్లీమీటర్లు, ఎడమవైపు 9 మిల్లీమీటర్లు ఉన్న సింపుల్ సిస్టులు, బై-రాడ్స్ 2 అని రాసి ఇచ్చారు. సర్జన్ గారు అది చూసి, ఇవి నీటి తిత్తులు, మందు అక్కర్లేదు అని పంపించేశారు. మందే లేదంటే మనసు ఒప్పడం లేదు. ఉదయగిరి వైపు ఒకరు పసరు కట్టు కడతారని, నలభై రోజుల్లో గడ్డ కరిగిపోతుందని మా ఆడబడుచు చెబుతోంది. మా బంధువు ఒకరు కాంచనార గుగ్గులు మాత్రలు తెచ్చి ఇచ్చారు. ఫోనులో చూస్తే కాఫీ మానమంటారు, అవిసె గింజలు తినమంటారు, ఈవెనింగ్ ప్రింరోజ్ నూనె క్యాప్సూల్స్ మింగమంటారు, ఆముదం పట్టు వేయమంటారు. నేను ఐదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. వీటిలో ఏది చేయవచ్చు, ఏది కూడదు? ఇది ముందు ముందు క్యాన్సర్‌గా మారుతుందా?
— ఒక సోదరి, కావలి

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. మిగిలిన ప్రశ్నలన్నీ ఆ భయం కడుపున పుట్టినవే. స్కాన్‌లో సింపుల్ సిస్టు అని తేలిన నీటి తిత్తి క్యాన్సర్‌గా మారదు. అది కణాలు గుట్టగా పెరిగి కట్టిన కంతి కాదు, పలుచని పొర లోపల నీరు చేరిన సంచి. బై-రాడ్స్ అనేది రొమ్ము స్కాన్లు చదివే వైద్యులందరూ ఒకే రీతిగా రాయడానికి పెట్టుకున్న లెక్క. అందులో సున్నా నుంచి ఆరు వరకు అంకెలు ఉన్నాయి. 2 అంటే, అక్కడ కనిపించినది హాని లేనిదని స్పష్టంగా తేలిందని అర్థం. ఆ అంకె చూడగానే రెండో దశ క్యాన్సర్ అనుకొని కుమిలిపోయేవారు చాలామంది ఉన్నారు. కందుకూరు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయిని అలాగే అనుకొని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నెల రోజులు సరిగా అన్నం తినకుండా గడిపి, చివరికి నా గదిలో కూర్చుని ఏడ్చిన సంగతి నాకింకా గుర్తుంది. ఈ అంకెకూ క్యాన్సర్ దశలకూ ఏ సంబంధమూ లేదు.

మందు అక్కర్లేదన్న సర్జన్ గారి మాట సరైనదే. అయితే ఎందుకు అక్కర్లేదో కూడా మీకు విడమరచి చెప్పి పంపవలసింది. ఆ నాలుగు మాటలు దొరకకపోబట్టే మీరు ఇప్పుడు ఉదయగిరి దారి చూస్తున్నారు. ఒంగోలులో ముప్పై ఏళ్ళుగా స్త్రీల వైద్యం చేస్తున్న నాకు, రోగుల కంటే మా వైద్యుల తొందరే ఎక్కువమందిని పసరు కట్ల దగ్గరకు పంపుతున్నదని అనిపిస్తుంది. అందుచేత ఆ విడమరచి చెప్పే పని ఇక్కడ నేను చేస్తాను.

రొమ్ములో పాలు తయారుచేసే చిన్న చిన్న గుత్తులు, ఆ పాలను చనుమొన దాకా తెచ్చే సన్నని నాళాలు ఉంటాయి. బిడ్డకు పాలిచ్చే అవసరం లేని రోజుల్లో కూడా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు నెలనెలా వాటిని మేల్కొలిపి, నెలసరి వచ్చాక మళ్ళీ నిద్రపుచ్చుతూ ఉంటాయి. ఇలా ఏళ్ళ తరబడి జరిగేసరికి కొన్ని గుత్తుల దగ్గర నాళం చివర సాగి, అక్కడ ఊరిన నీరు బయటకు పోలేక నిలిచిపోతుంది. అదే తిత్తి. 35 నుంచి 50 ఏళ్ళ మధ్య ఇది ఎంతో మంది స్త్రీలకు వస్తుంది, చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. ముట్లు ఆగిపోయాక, హార్మోన్ మాత్రలు వాడని స్త్రీలలో ఇవి సాధారణంగా వాటంతట అవే సద్దుమణుగుతాయి. మీరు తిన్న తిండి వల్లనో, పిల్లలకు పాలు త్వరగా మాన్పించడం వల్లనో ఇది వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి.

పెన్న ఎండిన రోజుల్లో ఇసుకలో చెలమ తవ్వడం మన వాళ్ళకు తెలిసిన పనే. ఊరే నీరూ ఇంకే నీరూ సమానంగా ఉన్నంతసేపు చెలమ నిలకడగా కనిపిస్తుంది, ఊట పెరిగితే నిండుతుంది, తగ్గితే ఇంకుతుంది. తిత్తి కూడా అంతే. దాని లోపలి పొర నీటిని ఊరిస్తూ ఉంటుంది, చుట్టూ ఉన్న కణజాలం పీల్చుకుంటూ ఉంటుంది. అందుకే అది నెలసరికి ముందు ఉబ్బి నొప్పి పెడుతుంది, తరువాత మెత్తబడుతుంది, కొన్నాళ్ళకు పూర్తిగా మాయమవుతుంది, మరికొన్నాళ్ళకు ఇంకోచోట తేలుతుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని మీ ఆడబడుచు చెప్పిన నలభై రోజుల లెక్కను చూడండి. ఏ స్త్రీ అయినా వైద్యానికి ఎప్పుడు బయలుదేరుతుంది? నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు, అంటే నెలసరికి ఐదారు రోజుల ముందు. ఆ రోజు కట్టు కట్టించుకుంటే, ఐదారు రోజుల్లో నెలసరి వస్తుంది, మరో 28 రోజులకు రెండో నెలసరి వస్తుంది, నలభయ్యో రోజు ఆ రెండో నెలసరి మొదలైన వారానికి పడుతుంది. నెల మొత్తంలో రొమ్ము అన్నిటికంటే మెత్తగా, నొప్పి లేకుండా ఉండే రోజులు అవే. కట్టు కట్టినా కట్టకపోయినా ఆ రోజున చెయ్యి పెట్టి చూస్తే గడ్డ తగ్గినట్టే ఉంటుంది. కట్టినవారు మోసం చేశారని నేను అనడం లేదు. తన కళ్ళముందు తగ్గిన గడ్డలను చూసి ఆయనకూ ఆ మందు మీద నిజమైన నమ్మకమే కుదిరి ఉండవచ్చు. నీటి తిత్తికి ఎవరు ఏ మందు ఇచ్చినా ఆ మందుకు పేరు వస్తుంది, ఎందుకంటే తగ్గడం దాని స్వభావంలోనే ఉంది. ఆకు పసరుకే కాదు, ఖరీదైన క్యాప్సూల్స్‌కూ ఈ మాట వర్తిస్తుంది. మందు వాడినవారినీ, ఏమీ లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అలా పోల్చి చూసినప్పుడు, తిత్తిని కరిగిస్తుందని నిలకడగా రుజువైన ఆకు గానీ వేరు గానీ ఆహారం గానీ ఇంతవరకు లేదు. నొప్పిని కొంత తగ్గించేవి మాత్రం ఒకటి రెండు ఉన్నాయి, వాటి సంగతి తరువాత చెబుతాను.

అంతకంటే ముందు చూడవలసిన పని ఒకటి ఉంది. మీ చేతికి తగిలిన గడ్డ, స్కాన్‌లో కనిపించిన 18 మిల్లీమీటర్ల తిత్తి, రెండూ ఒకటేనా అని సర్జన్ గారు వేలితో చూసి నిర్ధారించారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. రొమ్ములో ఒకచోట హాని లేని తిత్తి ఉండి, దాని పక్కనే వేరొక గట్టి గడ్డ ఉండటం అరుదుగానైనా జరుగుతుంది. చేతి పరీక్ష, స్కాన్ ఒకే మాట చెప్పాలి, చెప్పకపోతే సూదితో ముక్క తీసి చూడాలి. మరొకటి, మీకు 40 దాటాయి కనుక, చేతికి గడ్డ తగిలినప్పుడు అల్ట్రాసౌండ్‌తో పాటు మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, కూడా తీయించడం మంచి పద్ధతి. తీయించి ఉంటే సరే, లేకపోతే మళ్ళీ వెళ్ళినప్పుడు అడగండి. అడగడానికి మొహమాట పడకండి, అది మీ హక్కు.

స్కాన్ కాగితం మీద సింపుల్ అన్న మాట ఉండటం చాలా ముఖ్యం. లోపల చిక్కటి నీరో, మడ్డిలాంటిదో కనిపిస్తే దాన్ని కాంప్లికేటెడ్ సిస్టు అంటారు, ఎక్కువగా దానికి అంకె 3 వేస్తారు. అందులో క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి రెండు కంటే తక్కువే అయినా, ఆరు నెలలకు మళ్ళీ స్కాన్ తీసి పోల్చి చూడాలి. పొర మందంగా ఉన్నా, నీటితో పాటు లోపల గట్టి భాగం ఉన్నా అంకె 4 వేస్తారు, దానికి బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, తప్పదు. అక్కడ ఒక్క రోజు కూడా కట్లతో గడపకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం కనిగిరి వైపు పల్లె నుంచి 48 ఏళ్ళ తల్లి ఒకామె నా దగ్గరకు వచ్చింది. గడ్డ కనిపించిన ఎనిమిది నెలల పాటు ఆమె ఏ పరీక్షా చేయించుకోలేదు, వారం వారం కట్టు మార్పించుకుంటూ వచ్చింది. కట్టు మందుకు చర్మం కాలి పుండు పడితే, లోపలి చెడు బయటకు వస్తోందని ఆమెకు చెప్పారు. ఆమె నమ్మింది. మేము చూసేసరికి గడ్డ అడుగు కండకు అంటుకుపోయి, చంకలో బిళ్ళలు కట్టి ఉన్నాయి. అది మొదటి నుంచీ తిత్తి కాదు, క్యాన్సరే. మొదటి నెలలోనే ఒక స్కాన్ తీసి ఉంటే ఆమె కథ వేరుగా ఉండేదని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పసరు ఆమెకు క్యాన్సర్ తెప్పించలేదు, ఆమె చేతిలో ఉన్న కాలాన్ని తీసుకుపోయింది. మీ పరిస్థితి ఆమెది కాదు, మీరు ముందే స్కాన్ తీయించుకున్నారు. ఆ పని చేసినందుకు మిమ్మల్ని మీరు అభినందించుకోవాలి.

ఇక పసరు కట్టు సంగతి. మన జిల్లాల్లో చెట్టు మందు మీద ఉన్న నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. 2021లో కరోనా రెండో విడతలో కృష్ణపట్నానికి నాటుమందు కోసం ఎంత జనం తరలివెళ్ళారో మనమందరం చూశాము. భయం ముంచుకొచ్చినప్పుడు, పెద్ద వైద్యం నుంచి జవాబు దొరకనప్పుడు మనిషి చేతికి అందినదాన్ని పట్టుకుంటాడు. అయినా రొమ్ము మీద కట్టు విషయంలో నా మాట వద్దనే. గడ్డలు కరగడానికి వేసే పట్లలో ఏమి కలుపుతారో కట్టేవారు సాధారణంగా చెప్పరు. నల్లజీడి గింజ రసం, చిత్రమూలం వేరు ముద్ద, జిల్లేడు పాలు గడ్డల మీద వాడటం పల్లెల్లో పాత అలవాటు. ఈ మూడూ చర్మాన్ని పొక్కించేవే. రొమ్ము చర్మం పలుచన, చనుమొన చుట్టూ మరీ పలుచన. అక్కడ బొబ్బలు లేచి చీము పడితే, ఆ తరువాత కనిపించే ఎరుపు, గట్టిదనం, చర్మం ముడతలు మందు వల్ల వచ్చినవో లోపలి జబ్బు వల్ల వచ్చినవో తేల్చడం మాకు కూడా కష్టమవుతుంది. ఉమ్మెత్త ఆకు వెచ్చచేసి కట్టడం మరో అలవాటు. ఉమ్మెత్త విషం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగలదు, నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, గుండె దడ, మతి తప్పడం వంటివి కలిగించగలదు. వాడినవారందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ హాని లేని తిత్తికి ఈ ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడం ఎందుకు?

ఆముదం పట్టు వీటితో పోలిస్తే నిరపాయం. గోరువెచ్చని ఆముదంలో తడిపిన గుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటుంది, ఆ హాయి వెచ్చదనానిది. ఆముదం చర్మం దాటి తిత్తిలోకి వెళ్ళి నీటిని పీల్చేస్తుందనడానికి ఆధారం లేదు. వేసుకోవాలనిపిస్తే మోచేతి మీద వేడి చూసుకొని, పావుగంట వేసుకొని, తీసేసి కడుక్కోండి. కాలిన చర్మంతో మాత్రం నా దగ్గరకు రాకండి.

కాంచనార గుగ్గులు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది. ఇది ఆయుర్వేదంలో చాలా కాలంగా ఉన్న యోగం. దేవకాంచనం చెట్టు బెరడు, త్రిఫల, శొంఠి, పిప్పలి, మిరియాలు, గుగ్గులు మొదలైనవి కలిపి చేస్తారు. గ్రంథులు అని పిలిచే గడ్డలకు, గళగండానికి వాడతారు. గళగండం అంటే గొంతు దగ్గర థైరాయిడ్ వాపే. గుగ్గులు థైరాయిడ్ గ్రంథి పనిని పెంచగలదని జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది. మీరు ఇప్పటికే థైరాయిడ్ మాత్ర కొలత ప్రకారం వేసుకుంటున్నారు. దానికి ఇది తోడైతే కొలత తప్పి, దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలుకావచ్చు, మీ రక్త పరీక్ష అంకెలు తారుమారు కావచ్చు. రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ అనే మందులను ఒంటికి తక్కువగా పట్టేట్టు కూడా గుగ్గులు చేస్తుంది. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. గర్భం నిలిచే అవకాశం ఉన్నవారు అసలే వాడకూడదు. మీ బంధువు ప్రేమతో తెచ్చి ఉంటారు, ప్రేమతోనే పక్కన పెట్టండి.

ఆ మాత్రలు ఎవరు తయారు చేశారన్నది కూడా చూడాలి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడ్డాయి. అవి దక్షిణాసియా దేశాల్లో తయారైనవే. ఇది ఆయుర్వేదాన్ని నిందించడానికి చెప్పడం లేదు. చీటీ లేని సీసా, లైసెన్సు సంఖ్య లేని డబ్బా, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన పొడి, వీటిని నోట్లో వేసుకోవద్దని చెప్పడానికే. ఆయుర్వేదం చదివి, పట్టా పొందిన వైద్యుణ్ణి సంప్రదించాలని మీకు ఉంటే తప్పకుండా వెళ్ళండి, వెళ్ళేటప్పుడు స్కాన్ కాగితమూ థైరాయిడ్ మాత్ర చీటీ రెండూ తీసుకుపోండి.

వంటింట్లోని పసుపు సంగతి కూడా చాలామంది అడుగుతారు. కూరలో, పాలలో వేసుకునే పసుపుకు అభ్యంతరం లేదు. పసుపు సారాన్ని గట్టిపరిచి, మిరియాల సారం కలిపి అమ్మే మాత్రలు వేరు. వాటితో కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు.

ఆహారం దగ్గరకు వద్దాము. కాఫీ మానితే తిత్తులు తగ్గుతాయన్న మాట 1980 ప్రాంతంలో అమెరికాలో పుట్టింది. తరువాత పోల్చి చూసిన పరీక్షలు దాన్ని బలపరచలేదు. అయినా కాఫీ తగ్గించాక నొప్పి తగ్గిందని చెప్పే స్త్రీలు నాకు తారసపడుతూనే ఉన్నారు, వారి మాట కాదనడానికి నేనెవరిని? రోజుకు నాలుగు గ్లాసులు తాగే అలవాటు ఉంటే రెండు నెలలు ఒకదానికి దించి చూడండి. తేడా లేకపోతే ఆ ఒక్క సంతోషాన్ని ఎందుకు వదులుకోవాలి? మీరు ఈ కాఫీ విషయంలో జాగ్రత్త పడవలసినది ఇంకొకటి ఉంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. మాత్రకూ కాఫీకీ మధ్య ముప్పావుగంట నుంచి గంట వరకు విడిచి పెట్టండి.

ఈ జాబితా అంతటిలో నాకు కొంత నమ్మకం ఉన్నది అవిసె గింజల మీద. నెలసరి ముందు వచ్చే రొమ్ము నొప్పి ఉన్న స్త్రీలకు రోజుకు 25 గ్రాముల అవిసె గింజల పొడి తినిపించి చూసిన ఒక పరీక్ష కెనడాలో జరిగింది. అది పెద్ద పరీక్ష కాదు, అయినా వారికి నొప్పి తగ్గింది. తగ్గినది నొప్పి, కరిగినది తిత్తి కాదు, ఈ తేడా మరవకండి. 25 గ్రాములంటే పెద్ద చెంచాతో మూడు చెంచాలు పైచిలుకు. గింజలను అలాగే మింగితే జీర్ణం కాకుండా పోతాయి కనుక దోరగా వేయించి పొడి కొట్టాలి. మన ఇళ్ళలో ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు వేసి కొట్టే అవిసె కారప్పొడి ఉండనే ఉంది. అయితే మూడు చెంచాలూ కారప్పొడిగానే తింటే ఉప్పూ కారమూ ఎక్కువైపోతాయి. ఒక చెంచా కారప్పొడిగా ఇడ్లీలోనో దోశలోనో తిని, మిగిలినది ఉప్పు లేని ఉత్త పొడిగా మజ్జిగలోనో రాగి జావలోనో కలుపుకోండి. మొదట ఒక చెంచాతో ప్రారంభించి, నీళ్ళు బాగా తాగుతూ, రెండు వారాల్లో పెంచుకోండి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది. ఇది పీచు పదార్థం కనుక థైరాయిడ్ మాత్ర వేసుకున్న పూటకు దూరంగా, మధ్యాహ్నమో రాత్రో తినండి. అంగట్లో అడిగేటప్పుడు గోధుమరంగులో నున్నగా మెరిసే అవిసె గింజలనే అడగండి. కూరకు పూలూ ఆకులూ కోసుకునే అవిసె చెట్టు వేరు, పేరు ఒకటే అయినా రెంటికీ పోలిక లేదు. ఒక అమ్మాయి మూడు నెలలు ఆ చెట్టు ఆకు రసం తాగి వచ్చి ఫలితం లేదని నాతో వాపోయింది.

కొవ్వు తగ్గించిన భోజనంతో నొప్పి తగ్గినట్టు ఒక చిన్న పరీక్షలో కనిపించింది గానీ, ఆ స్త్రీలు తిన్నంత తక్కువ నూనెతో మన వంట చేయడం కష్టం. వేపుళ్ళు, వనస్పతి తగ్గించండి, చాలు. నెలసరికి ముందు వారంలో ఊరగాయలు, ఎండు చేపలు, అప్పడాలు తగ్గిస్తే ఒంట్లో నీరు పట్టడం తగ్గుతుందని పాత సలహా ఉంది, ఆధారం బలహీనమే అయినా రక్తపోటుకు మేలే కనుక నేను కాదనను. చేపల పులుసు మానవలసిన పని లేదు. పథ్యం పేరుతో మీరు చేపా గుడ్డూ మానేసి నీరసపడితే తిత్తికి నష్టం లేదు, మీకే నష్టం. సోయా తింటే గడ్డలు పెరుగుతాయన్న భయానికీ ఆధారం లేదు.

ఈవెనింగ్ ప్రింరోజ్ నూనెను ఒకప్పుడు మేము కూడా రాసేవాళ్ళం. బ్రిటన్‌లో రొమ్ము నొప్పికి మందుగా దానికి లైసెన్సు ఉండేది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే మేలు కనిపించడం లేదని 2002లో ఆ లైసెన్సును రద్దు చేశారు. పెద్ద హాని లేదు, కానీ నెలనెలా ఆ డబ్బుతో పిల్లలకు పండ్లు కొనవచ్చు. విటమిన్ ఇ మాత్రల కథా దాదాపు ఇంతే. అయొడిన్ చుక్కలు తాగమని ఎవరైనా చెబితే మాత్రం మీరు ముట్టుకోనే వద్దు. థైరాయిడ్ సమస్య ఉన్నవారికి అదనపు అయొడిన్ కీడు చేస్తుంది, ఉప్పులో ఉన్నది సరిపోతుంది.

వావిలాకు గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు మీకు చెప్పక మానరు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయడం మన ఇళ్ళలో ఉన్నదే, వాపు మీద ఆ ఆకు వెచ్చచేసి పెట్టడమూ ఉన్నదే. ఐరోపాలో వావిలికి దాయాది అయిన మరో పొద ఉంది, దాన్ని చేస్ట్‌బెర్రీ అంటారు. దాని పండ్ల సారంతో చేసిన మాత్రలు నెలసరి ముందు రొమ్ము నొప్పిని కొంత తగ్గిస్తాయని కొన్ని పరీక్షల్లో తేలింది. పాలను ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అది కొంత అణచుతుంది. రెండూ ఒకే కుటుంబానివి కదా అని వావిలాకు కషాయం తాగమని చెప్పేవారున్నారు. మొక్క వేరు, వాడే భాగం వేరు, అందులోని సారం వేరు. వావిలాకు నీళ్ళతో స్నానం చేయండి, తాగవద్దు. చేస్ట్‌బెర్రీ మాత్ర కూడా హార్మోన్ మందులు, మానసిక వ్యాధుల మందులు వాడేవారికీ గర్భిణులకూ పనికిరాదు కనుక వైద్యులను అడగకుండా తెప్పించుకోకండి.

నొప్పికి నేను అన్నిటికంటే ముందు చెప్పేది లోదుస్తు సంగతి. సరైన కొలతలో, కింద నుంచి గట్టిగా ఆనుకొని పట్టి ఉంచే బ్రా పగలంతా, నొప్పి ఉన్న వారం రాత్రి పడుకునేటప్పుడు కూడా వేసుకుంటే చాలామందికి సగం బాధ తీరుతుంది. ఇది మరీ చిన్న సలహాగా కనిపించి ఎవరూ పాటించరు. మన స్త్రీలు పిల్లలకు పాలిచ్చిన నాటి కొలతనే నలభై ఏళ్ళు దాటాక కూడా కొంటూ ఉంటారు. నొప్పి ఉన్నచోట డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండు మూడు సార్లు పలుచగా రాస్తే మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది. పుండు మీద రాయకూడదు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు వైద్యులను అడిగే రాయాలి. అప్పటికీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ ఉంది. హార్మోన్లను అణచే గట్టి మందులు కూడా ఉన్నాయి గానీ వాటి దుష్ఫలితాలు ఎక్కువ, మీ నొప్పికి అవి అవసరం రావు.

తిత్తి పెద్దదై రోజంతా నొప్పి పెడితే సూదితో నీరు తీయించుకోవచ్చు. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో తీస్తారు, పది నిమిషాల పని. వచ్చే నీరు గడ్డి రంగులోనో, ఆకుపచ్చగానో, ముదురు గోధుమ రంగులోనో ఉండవచ్చు, ఆ రంగులు చూసి భయపడకండి. నెత్తురు కలిసి ఉంటేనే పరీక్షకు పంపుతారు, నీరు తీశాక కూడా గడ్డ మిగిలి ఉంటే ఇంకా లోతుగా చూస్తారు. చెలమ తోడితే మళ్ళీ ఊరినట్టు తిత్తి మళ్ళీ నిండవచ్చు, అలా నిండినంత మాత్రాన అది చెడ్డది కాదు. సూది గుచ్చితే గడ్డ క్యాన్సర్ అవుతుందన్న మాట మన పల్లెల్లో బలంగా నాటుకుపోయింది. అది నిజం కాదు. ఆ మాట వల్ల సూదికి వెనుకాడి ఆలస్యం చేసుకున్నవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను.

ఇప్పుడు మీరు చేయవలసినది ఇది. మూడు నెలల పాటు క్యాలెండరు మీద నొప్పి ఉన్న రోజులకు ఒక గుర్తు, నెలసరి రోజులకు మరో గుర్తు పెట్టండి. నెలసరి ముగిసిన మూడు నుంచి ఐదు రోజుల లోపల, నెలకు ఒక్కసారి మాత్రమే, చేతి వేళ్ళ మెత్తని భాగంతో రెండు రొమ్ములూ చంకలూ తడిమి చూసుకోండి. రోజూ నొక్కి చూస్తే నొప్పీ భయమూ రెండూ పెరుగుతాయి. గడ్డ నెలసరి తరువాత కూడా తగ్గకుండా గట్టిపడుతున్నా, త్వరత్వరగా పెరుగుతున్నా, చర్మం లోపలికి లాగినట్టో నారింజ తొక్కలాగానో కనిపించినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని మీద మానని పుండు పడినా, నెత్తురు వచ్చినా, చంకలో బిళ్ళ తగిలినా ఆ క్యాలెండరు పూర్తయ్యే దాకా ఆగకుండా వెంటనే సర్జన్ గారి దగ్గరకు వెళ్ళండి. ఎరుపు, వేడి, జ్వరం వచ్చినా అంతే, చీము పట్టి ఉండవచ్చు. ఇవేవీ లేకపోతే మూడు నెలల తరువాత ఆ క్యాలెండరు తీసుకొని, మామోగ్రామ్ సంగతి అడగడానికి వెళ్ళండి. ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి.

మీ ఆడబడుచు మీద కోపం తెచ్చుకోకండి. మీ కోసం దారి వెతుకుతున్న మనిషి ఆమె. ఈసారి ఉదయగిరి ప్రస్తావన వచ్చినప్పుడు ఆ నలభై రోజుల లెక్క ఆమెతో కలిసి క్యాలెండరు మీద వేసి చూడండి. అలాగే ఆమె ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకుందా అని అడగండి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఊళ్ళోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చేతితో రొమ్ము పరీక్ష ఉచితంగా చేస్తారు. మీరిద్దరూ కలిసి వెళ్ళండి.